అయిదడుగుల లోతున గాజుపోగు



ఊరికి ఫైబర్ ఇంటర్నెట్ వస్తోందన్న సంగతి ఊరివాళ్లకు మొట్టమొదట తెలిసేది గోతి వల్లే. ఒక పొద్దున రోడ్డు పక్కన జేసీబీ దిగుతుంది. మట్టి కుప్పలు లేస్తాయి. ప్లాస్టిక్ పైపు చుట్టలు చింతచెట్టు కింద పడి ఉంటాయి. నాలుగు రోజుల్లో గొయ్యి పూడ్చేసి వాళ్లు పక్క ఊరికి వెళ్లిపోతారు. మిగిలేది పొడుగాటి మట్టి గట్టు, అక్కడక్కడా పాతిన చిన్న రాళ్లు. ఆ తర్వాత ఎప్పటికో పంచాయతీ ఆఫీసులో గోడకు బిగించిన పెట్టెలో పచ్చ లైటు వెలుగుతుంది. కొన్ని ఊళ్లలో వెలగదు కూడా. ఆ గోతికీ ఈ లైటుకూ నడుమ జరిగే పనేమిటో ఇవాళ చెప్పుకుందాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ మొత్తం వ్యవహారంలో గాజు చవక, దానిలో నడిచే వెలుతురు ఇంకా చవక. ఖరీదైనది తవ్వకం. పల్లెలకు కేబుల్ వేసే పనిలో డబ్బులో పెద్ద భాగం మట్టిలోకే పోతుంది. అంచేత ఒక ఊళ్లో ఇంటర్నెట్ పదేళ్ల తర్వాత ఎలా నడుస్తుందన్నది మొదటి వారంలో ఆ గొయ్యి ఎంత లోతు తీశారన్నదాన్ని బట్టే చాలావరకు తేలిపోతుంది. యంత్రాలు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గొయ్యిని మళ్లీ తీయాలంటే మళ్లీ అంత ఖర్చూ పెట్టాలి.

గాజు సంగతి రెండు మాటల్లో చెప్పి మట్టిలోకి దిగుదాం. ఒక్కో పోగు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వెలుతురు నడిచేది అందులో నట్టనడుమ ఉన్న భాగంలో; అది మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు. దాని చుట్టూ ఉన్న గాజు కాస్త వేరే గుణం కలది కావడంతో వెలుతురు పక్కకు జారిపోకుండా లోపలే ఉండి ముందుకు సాగుతుంది. మన కంటికి కనిపించే వెలుతురు కాదది, పరారుణ కాంతి. 1960ల దాకా ఎంత మంచి గాజులోనైనా వెలుతురు కొద్ది మీటర్లలోనే ఇంకిపోయేది. ఆ తప్పు గాజుది కాదు, గాజులో చేరిన మలినాలదని 1966లో ఇంగ్లండులో పనిచేస్తున్న చార్లెస్ కావో లెక్కకట్టి చూపించాడు. కిలోమీటరు పోయాక నూటికి ఒక వంతు వెలుతురు మిగిలినా వార్తలు పంపడానికి చాలన్నాడు. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీ శాస్త్రవేత్తలు అంతకంటే మెరుగైన గాజు తీశారు. ఇప్పుడు మన రోడ్ల పక్కన పాతుతున్న పోగుల్లో పదిహేను కిలోమీటర్లు పోయాక కూడా సగం వెలుతురు మిగులుతుంది. కావోకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పోగును భూమిలోకి దించే గడ్డపారకు ఇంకా ఎవరూ బహుమతి ఇవ్వలేదు.

సరే, మట్టిలోకి.

మన దేశంలో పల్లెలకు ఫైబర్ తీసుకెళ్లే పథకానికి కేంద్ర మంత్రివర్గం 2011 అక్టోబరులో ఒప్పుకుంది. అప్పటి పేరు నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్. 2015లో దాన్నే భారత్‌నెట్ అన్నారు. దాదాపు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు కేబుల్ చేర్చాలన్నది లక్ష్యం. మండల కేంద్రంలోని ఎక్స్ఛేంజీ నుంచి పంచాయతీ ఆఫీసు దాకా దారి వెతకడంతో ప్రతి ఊరి పనీ మొదలవుతుంది. ఇద్దరు మనుషులు దూరం కొలిచే చక్రాన్ని తోసుకుంటూ, ఫోన్లో జీపీఎస్ గుర్తులు పెట్టుకుంటూ నడుస్తారు. ఎక్కడ కల్వర్టు ఉంది, ఎక్కడ వాగు అడ్డొస్తుంది, ఎక్కడ రైలు గేటు, ఎక్కడ మంచినీళ్ల పైపు, ఏ మలుపులో బండ పైకి తేలింది, అన్నీ రాసుకుంటారు.

తర్వాత అనుమతులు. ఇక్కడే నెలలు గడుస్తాయి. పన్నెండు కిలోమీటర్ల దారి అనుకోండి. అందులో కొంత జాతీయ రహదారి వాళ్లది, కొంత ఆర్ అండ్ బీ వాళ్లది, ఊరి దగ్గరికొచ్చేసరికి పంచాయతీరాజ్ వాళ్లది. నడుమ కాలువ గట్టు వస్తే నీటిపారుదల శాఖ, చెట్లు దట్టంగా ఉంటే అటవీ శాఖ, పట్టాలు అడ్డొస్తే రైల్వే. భూమి మీద ఒకే దారి, కాగితం మీద అయిదారు రాజ్యాలు. ఈ చిక్కు విప్పడానికి 2016లో కేంద్రం నియమాలు తెచ్చింది. 2023 టెలికాం చట్టం కింద రాసిన కొత్త నియమాలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. గడువులోగా జవాబివ్వకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క అన్న నిబంధన మంచిదే. కానీ కిందిస్థాయి ఇంజనీరు సంతకం లేకుండా రోడ్డు మీద గునపం వేసే కాంట్రాక్టరు ఎవరున్నారు?

వీలైనంతవరకు కేబుల్‌ను రైతుల పొలాల్లోంచి తీసుకెళ్లరు. రోడ్డు హద్దు లోపలే, తారుకు దూరంగా, హద్దు అంచున తవ్వుతారు. అంచునే ఎందుకంటే రేపు రోడ్డు వెడల్పు చేస్తే కేబుల్ కొత్త తారు కింద పడిపోకూడదు. పడిందంటే ఆ కేబుల్ జోలికి మళ్లీ వెళ్లలేరు.

ఇక లోతు. మామూలు నేలలో పైపు పడుకోవలసిన లోతు 165 సెంటీమీటర్లు. అంటే దాదాపు అయిదున్నర అడుగులు. ఒక మనిషి గోతిలో దిగి నిలబడితే తలపాగా మాత్రం పైకి కనిపించాలి. అంత లోతు దేనికని చాలామంది అడుగుతారు. నాగలికైతే అంత అక్కర్లేదు. ట్రాక్టరు నాగలి ఎంత దిగినా పైపు దరిదాపులకు రాదు. కేబుల్‌కు శత్రువు తర్వాత తవ్వబోయేవాడు. మురుగు కాలువ తీసేవాడు, నీళ్ల పైపు వేసేవాడు, కరెంటు స్తంభం పాతేవాడు, రోడ్డు భుజాలు చెక్కేవాడు. వీళ్లెవరూ మామూలుగా అయిదడుగులు దిగరు. వాళ్ల చేతికందని లోతులో పడుకుంటేనే కేబుల్ బతుకుతుంది.

కాగితం మీద 165 అని రాసినంత సులువు కాదు నేలలో. ఎర్ర చెలకలో పని పరుగెడుతుంది. నల్లరేగడిలో ఎండాకాలం తవ్వితే గోడలు పెళ్లలుగా విరిగిపడతాయి, వానాకాలం తవ్వితే బంకగా అంటుకుంటుంది. పైగా ఆ నేల ఏటా ఉబ్బుతూ, బీటలువారుతూ పైపును అటూ ఇటూ లాగుతుంది. గోదావరి డెల్టాలో, కృష్ణా డెల్టాలో మూడు నాలుగు అడుగులకే నీళ్లు ఊరతాయి. మోటారు పెట్టి తోడుకుంటూ తవ్వాలి. తెలంగాణలోనూ రాయలసీమలోనూ అసలు చిక్కు బండ. పైన రెండడుగుల మట్టి, కింద మొరం, దాని కింద గ్రానైటు. జేసీబీ బకెట్ తీసేసి బ్రేకరు బిగించి రోజంతా కొడితే నాలుగు మీటర్లు కదలడం కష్టం. అలాంటి చోట తక్కువ లోతులోనే పైపు వేసుకోవచ్చు, కాకపోతే దాన్ని ఇనుప గొట్టంలో పెట్టి గానీ చుట్టూ కాంక్రీటు పోసి గానీ కాపాడాలి.

‘బండ వచ్చిందండీ’ అన్న మాట దగ్గరే ఈ పనిలో నిజాయితీ తేలేది. కాంట్రాక్టరుకు డబ్బు మీటరు లెక్కన వస్తుంది. గొయ్యి పూడ్చాక లోతు ఎవరికీ కనిపించదు. రెండడుగులు తగ్గిస్తే బోలెడు డీజిలు మిగులుతుంది. అందుకే పూడ్చకముందే కొలకర్ర గోతిలో నిలబెట్టి, జీపీఎస్ గుర్తుతో ఫోటో తీయాలని నియమం పెట్టారు. ఫోటోలు తీస్తారు. కొలకర్ర పెట్టిన చోట లోతు ఎప్పుడూ బాగానే ఉంటుంది! రెండు ఫోటోల మధ్య వంద మీటర్లలో ఎలా ఉందో గొయ్యికే తెలియాలి.

ఈ గోతుల మాట వస్తే పాలమూరును తలుచుకోకుండా ఉండలేం. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి గుంపు మేస్త్రీల వెంట వెళ్లిన కూలీలు దేశం నలుమూలలా ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు, రోడ్లు వేశారు. మట్టిపని ఎక్కడుంటే అక్కడ పాలమూరు లేబర్ అన్న మాట దశాబ్దాలపాటు వినిపించింది. మట్టినీ రాతినీ నమ్ముకున్న వడ్డెరలు కూడా అంతే. ఇప్పుడు పొడుగాటి దారుల్లో జేసీబీ తవ్వేస్తోంది. కానీ పాత నీళ్ల పైపు పక్కన, కరెంటు తీగ దగ్గర, ఇళ్ల అరుగుల ముందు ఇనుప చెయ్యి పనికిరాదు. అక్కడ ఇప్పటికీ పార, గడ్డపార, తట్ట. నేల శబ్దం విని కింద ఏముందో పోల్చుకునే మనిషి అక్కడ కావాలి.

గోతి అడుగు చదును చేసి, రాళ్లేరేసి, పైపు పరుస్తారు. బయటి కొలత 40 మిల్లీమీటర్లు, లోపలి కొలత 33. లోపలి గోడకు జారుడుగుణం ఉన్న పూత తయారీలోనే పోసి ఉంటుంది. దాని పని తర్వాత తెలుస్తుంది. ఒక చుట్ట అయిపోయి ఇంకోటి మొదలయ్యే చోట కప్లరుతో గాలి బయటికి పోకుండా బిగిస్తారు. సాయంత్రం పని ఆపేటప్పుడు పైపు నోటికి మూత పెట్టాలి. ఈ చిన్న మూత మరిచిపోతే రాత్రి వానకు మట్టినీళ్లు పోయి, ఎలుకలు దూరి, నెల తర్వాత కేబుల్ దించబోయేవాళ్లకు నరకం కనిపిస్తుంది. పైపు మీద మెత్తటి మట్టి పోసి, ఆపైన మిగతా మట్టి పోసి దిమ్మిస చేస్తారు. ఎంత దిమ్మిస చేసినా మొదటి వానకు కుంగుతుంది కాబట్టి పైన కాస్త గట్టులా వదులుతారు. ఊరి మధ్యకొచ్చేసరికి సీసీ రోడ్డు. వేసి మూడు నెలలు కాలేదు, అప్పుడే కోస్తారు. కోసిన చోట మళ్లీ కాంక్రీటు వేసి పూర్వంలా చెయ్యాలన్నది షరతు. ఎన్ని ఊళ్లలో చేశారో మీ ఊరి రోడ్డు చూసి మీరే చెప్పగలరు.

రోడ్డు దాటాల్సి వస్తే? హైవేని తవ్వనివ్వరు, రైలు పట్టాలను అసలే తవ్వనివ్వరు. అక్కడికి హెచ్‌డీడీ అనే యంత్రం వస్తుంది. నేల కింద అడ్డంగా తొలిచే యంత్రమది. రోడ్డుకు ఇటు ఒక గొయ్యి, అటు ఒక గొయ్యి. ఇటునుంచి ఇనుప కడ్డీ ఒకటి వాలుగా నేలలోకి దిగుతుంది. దాని ముక్కు ఒక పక్కకు చెక్కి ఉంటుంది. కడ్డీని గిరగిర తిప్పుతూ తోస్తే తిన్నగా పోతుంది. తిప్పడం ఆపి తోస్తే ముక్కు వాలు ఎటుంటే అటు వంగుతుంది. నేల లోపల కడ్డీని నడిపించే చుక్కాని ఇంతే. ముక్కు వెనకే చిన్న ట్రాన్స్‌మిటరు ఉంటుంది. దాని సంకేతాన్ని పట్టుకునే పరికరం చేతబట్టుకుని ఒకతను రోడ్డు మీద నడుస్తూ, ఇప్పుడు ఎంత లోతులో ఉంది, ఎటు వంగింది అని యంత్రం దగ్గరున్నవాడికి చెబుతుంటాడు. పైన లారీలు పోతూనే ఉంటాయి. తొలిచిన రంధ్రం కూలిపోకుండా బెంటోనైటు మట్టి కలిపిన నీళ్లు పంపుతారు. కడ్డీ అవతలి గోతిలో తేలాక దాని చివర రంధ్రం పెద్దది చేసే పరికరాన్నీ, దాని వెనక పైపునూ తగిలించి వెనక్కి లాగేస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉండే పని. ప్రమాదమల్లా కింద ఏముందో ముందే తెలుసుకోకపోతే. ఊరికి నీళ్లిచ్చే పైపును ఆ ముక్కు పొడిచిన రోజున ఊరంతా చేరుతుంది.

ఇంతవరకు భూమిలోకి వెళ్లింది ఖాళీ పైపే. కేబుల్ ఇంకా డ్రమ్ముకే చుట్టి ఉంది. కేబుల్‌నే నేరుగా మట్టిలో పాతొచ్చు కదా అంటే, పాతొచ్చు, పాతేవారు కూడా. కానీ పైపు ఉంటే కేబుల్ పాడైనప్పుడు పాతది లాగేసి కొత్తది ఎక్కించుకోవచ్చు, నేలను మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.

లంగాలోకి బొందు ఎక్కించడానికి పిన్నీసు కట్టి తోస్తాం. కొన్ని వందల మీటర్ల దాకా ఇక్కడా అలాగే, పైపులో ముందే ఉంచిన తాడుకు కేబుల్ కట్టి లాగొచ్చు. దూరం పెరిగేకొద్దీ రాపిడి పెరిగి, లాగే బలానికి లోపలి గాజు దెబ్బతింటుంది. అందుకని గాలితో ఎక్కిస్తారు. పైపు నోటి దగ్గర చిన్న యంత్రం బిగించి, కంప్రెసరుతో బలమైన గాలి పంపుతూ, యంత్రంలోని చక్రాలతో కేబుల్‌ను మెల్లగా తోస్తారు. పక్కనుంచి వేగంగా దూసుకుపోయే గాలి కేబుల్‌ను పొడుగునా తనతోపాటు తీసుకుపోతుంది. ఇందాక చెప్పిన జారుడు పూత పని ఇక్కడ. అన్నీ కుదిరితే ఒక్క ఊపులో కిలోమీటరు పైనే వెళ్లిపోతుంది. కుదరాలంటే ముందు పైపును పరీక్షించాలి. స్పాంజి ముద్దను గాలితో ఊదితే అది లోపలి నీళ్లనూ బురదనూ తోసుకుంటూ అవతల తేలాలి. తర్వాత పైపు లోపలి కొలతకు సరిపడే గట్టి దిమ్మను ఊదుతారు. అది నడుమ ఆగిపోయిందంటే అక్కడ పైపు నలిగిందని అర్థం. మళ్లీ తవ్వాల్సిందే. పూడ్చేటప్పుడు ఎవరో నిర్లక్ష్యంగా తోసిన ఒక్క రాయి చాలు.

కేబుల్‌లో ఇరవై నాలుగు పోగులుండటం మన పల్లె దారుల్లో మామూలు. వాటి చుట్టూ నీరు చేరనివ్వని పదార్థం, బలానికి గాజునార, పైన తొడుగు. ఆ పైన నైలాను పూత ఒకటుంటుంది, అది చెదల కోసం. మన నేలలో చెదపురుగు కొరకని వస్తువు ఏముంది? లోహం మాత్రం దాదాపుగా వాడరు. లోహం లేకపోతే పిడుగు కేబుల్ వెంట పరుగెత్తదు, పక్కనే ఉన్న హైటెన్షన్ లైన్ల బాధ తగలదు. రాగి కోసం కేబుల్ కోసుకుపోయే దొంగకు కూడా ఇందులో దక్కేదేమీ లేదు. ఆ సంగతి కోశాక గానీ అతనికి తెలియకపోవడమే విచారం.

డ్రమ్ము మీద సాధారణంగా రెండు కిలోమీటర్ల కేబుల్ ఉంటుంది. ఒకటి అయిపోయిన చోట ఇంకోదాన్ని అతకాలి. దీన్ని స్ప్లైసింగ్ అంటారు. నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. ఇంతసేపూ జేసీబీ మోత, కంప్రెసరు రొద. ఇప్పుడు ఒక మనిషి రోడ్డు పక్కన వ్యాను వెనక సీట్లో గానీ గొడుగు కింద గానీ చిన్న బల్ల వేసుకుని కూర్చుంటాడు. అతని శత్రువులు గాలి, దుమ్ము. పోగు మీది రంగు పూత ఒలిచి, స్పిరిటులో తడిపిన బట్టతో తుడిచి, చిన్న కత్తిరింపు పరికరంతో చివర ఖచ్చితంగా నిలువుగా తెగేలా కోస్తాడు. రెండు పోగుల చివరలను ఎదురెదురుగా యంత్రంలో ఉంచి మూత వేస్తే, తెర మీద అవి లావుపాటి కడ్డీల్లా కనిపిస్తాయి. యంత్రం తనే వాటిని మిల్లీమీటరులో వేయో వంతుకు కూడా తేడా రాకుండా ఎదురెదురు నిలిపి, విద్యుత్ మెరుపుతో కరిగించి కలిపేస్తుంది. బాగా కుదిరిన అతుకులో నష్టపోయే వెలుతురు నూటికి ఒక వంతు పైచిలుకు, అంతే. అతుకు మీదికి చిన్న తొడుగు జరిపి వేడిచేసి బిగిస్తాడు. ఇక రెండో పోగు. నీలానికి నీలం, నారింజకు నారింజ, ఆకుపచ్చకు ఆకుపచ్చ. రంగుల వరుస తప్పితే ఒక ఊరి వెలుతురు ఇంకో ఊరికి పోతుంది.

కోసిన గాజు ముక్కలను అతను జాగ్రత్తగా ఒక డబ్బాలో వేసుకుంటాడు. కంటికి ఆనని ఆ ముక్క వేలిలో దిగితే తీయడం కష్టం, అన్నంలో పడితే ఇంకా కష్టం. ఇరవై నాలుగు అతుకులూ అయ్యాక వాటిని నీరు చొరని డబ్బాలో చుట్టి పెట్టి, రెండు పక్కలా పది పదిహేను మీటర్ల చొప్పున అదనపు కేబుల్ చుట్టలుగా వదిలి, సిమెంటు చాంబరులో దించి మూత వేస్తారు. రేపు అతుకు పాడైతే పైకి తీసి వ్యాను దాకా తెచ్చుకోవాలి కదా, అందుకు ఆ మిగులు.

ఇప్పుడు మన రెండు రాష్ట్రాల సంగతి. భారత్‌నెట్ రెండో దశలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ పనిని తమ సంస్థల ద్వారానే చేసుకుంటామన్నాయి. కానీ దారులు వేరయ్యాయి. తెలంగాణలో అప్పటికే మిషన్ భగీరథ నడుస్తోంది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధాని దాన్ని ప్రారంభించారు. ఊరూరికీ తాగునీటి పైపులు వేయడానికి రాష్ట్రమంతా ఎలాగూ తవ్వుతున్నారు కదా, అదే గోతిలో ఫైబర్ పైపు కూడా వేసేద్దాం అన్నది రాష్ట్ర ఫైబర్ సంస్థ టీ-ఫైబర్ ఆలోచన. తవ్వకమే ఖరీదైన చోట ఇంతకంటే తెలివైన ఆలోచన ఇంకోటి ఉండదు. అయితే దీనికి రెండు ఇబ్బందులున్నాయి. నీళ్ల పైపు లీకైన ప్రతిసారీ తవ్వుతారు, ఆ తవ్వేవాడి గునపానికి పక్కనే ఫైబర్ ఉంటుంది. రెండోది, ఖాళీ పైపు వేసిన వెంటనే కేబుల్ ఎక్కించకపోతే మట్టిలో దాని కప్లర్లు వదులవుతాయి, బురద చేరుతుంది. ఏళ్లు గడిచాక పైపు ఉన్నదన్న ధీమాతో ఊదబోతే గాలి ముందుకు పోదు. నారాయణపేట జిల్లా మద్దూరు, సంగారెడ్డి జిల్లా సంగుపేట, పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ వంటి ఊళ్లలో ఇళ్లకు ప్రయోగాత్మకంగా సేవలు మొదలైంది 2024 డిసెంబరులో. నీళ్లకూ వెలుతురుకూ మధ్య ఇన్నేళ్ల ఎడం రావాల్సింది కాదు.

ఆంధ్రప్రదేశ్ తవ్వకాన్నే తప్పించుకుంది. కరెంటు స్తంభాల మీద దాదాపు 24 వేల కిలోమీటర్ల కేబుల్ లాగేసింది. సేవలు కోనసీమలోని మోరి గ్రామంలో 2016 డిసెంబరులో, రాష్ట్రస్థాయిలో 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రారంభమయ్యాయి. చవగ్గా, చకచకా అయిపోయింది. కానీ మనది తుపానుల తీరం. స్తంభం పడితే కేబులూ పడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో ఎన్ని స్తంభాలను నేలకూల్చిందో ఉద్దానం వాళ్లనడిగితే చెబుతారు. లోపలి జిల్లాల్లో స్తంభాల దారి సరే. సముద్రానికి దగ్గరగా ఉన్న మండలాలకు మాత్రం ఖర్చయినా భూమిలోపలి దారే మేలని నేననుకుంటాను.

భూమిలో ఉన్నంత మాత్రాన భయం లేదనీ కాదు. ఒకరి పని తెలియకుండా ఇంకొకరు తవ్వడం వల్ల కేబుళ్ల వంటివి దెబ్బతిని దేశానికి ఏటా దాదాపు 3,000 కోట్ల రూపాయల నష్టమని కేంద్ర ప్రభుత్వమే లెక్క చెప్పింది. ఆ లెక్క చెబుతూనే 2023 మార్చి 22న ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అనే ఫోన్ యాప్ తెచ్చింది. తవ్వబోయేవాడు చోటు చెబితే ఆ నేల కింద ఎవరి ఆస్తి ఉందో వాళ్లకు కబురు వెళుతుంది. యాప్ మంచిదే. అయితే పొద్దున్నే పిలిస్తే వచ్చి గంట లెక్కన తవ్వే జేసీబీ డ్రైవరు దాకా అది చేరాలి.

కేబుల్ తెగితే ఎక్కడ తెగిందో కనుక్కునే పద్ధతి భలే ఉంటుంది. ఓటీడీఆర్ అనే పరికరంతో ఒక చివర నుంచి క్షణంలో కోట్లవంతు కాలం పాటు వెలుతురు మెరుపు పంపుతారు. అది తెగిన చోట తగిలి కొంత వెనక్కి వస్తుంది. గాజులో వెలుతురు వేగం సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు. వెళ్లి రావడానికి పట్టిన కాలాన్నిబట్టి దూరం లెక్క కడతారు. మైక్రోసెకనుకు వంద మీటర్ల లెక్క. ఏడు వేల నాలుగు వందల మీటర్ల దగ్గర తెగింది అని తెర మీద వస్తుంది. కానీ అది కేబుల్ పొడవు, రోడ్డు పొడవు కాదు. ప్రతి చాంబరులో వదిలిన చుట్టలు అందులో కలిసి ఉంటాయి. ఎన్ని చాంబర్లు దాటింది, ఒక్కోదాంట్లో ఎంత వదిలారు అన్నది రాసి ఉన్న పటం ఉంటే గంటలో చోటు దొరుకుతుంది. పటం లేకపోతే అరకిలోమీటరు దారి అంతా చిన్న చిన్న గోతులే.

కేబుల్ పంచాయతీ ఆఫీసు చేరాక ఒక పెట్టెలోకి వెళుతుంది. మండలం నుంచి వచ్చే ఒకే పోగులోని వెలుతురును పదహారు, ముప్ఫై రెండు పాయలుగా చీల్చే చిన్న పరికరం దారిలో ఉంటుంది. దానికి కరెంటు అక్కర్లేదు. పెట్టెకు మాత్రం కావాలి. చాలా ఊళ్లలో కథ ఆగిపోయేది ఇక్కడే. కరెంటు బిల్లు ఎవరిదన్న తగువు, బ్యాటరీ చచ్చిపోవడం, సాయంత్రం తాళం పెట్టే గది. దేశంలో రెండు లక్షలకు పైగా పంచాయతీలు సేవలకు సిద్ధమయ్యాయని ప్రభుత్వ లెక్క. సిద్ధం కావడమూ పనిచేయడమూ వేర్వేరని కేంద్రమూ గ్రహించినట్టే ఉంది. 2023 ఆగస్టులో లక్షా 39 వేల కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో పథకాన్ని సవరించి, పదేళ్ల నిర్వహణ బాధ్యతను కూడా కాంట్రాక్టులో చేర్చింది. ఇదివరకు మండలం నుంచి ఊరికి ఒకటే దారి. నడుమ తెగితే అవతలి ఊళ్లన్నీ చీకటి. ఇప్పుడు ఊళ్లను వలయంగా కలుపుతారు, ఒక పక్క తెగితే వెలుతురు రెండో పక్కనుంచి తిరిగి వస్తుంది. నన్నడిగితే ఈ రెండు మార్పులూ పదేళ్ల ముందే రావాల్సింది.

ఇక శ్రోతల్లో సర్పంచులు, వార్డు సభ్యులు, పంచాయతీ కార్యదర్శులు ఉంటే వాళ్లకు నాదొక విన్నపం. మీ ఊళ్లో గొయ్యి తీస్తున్న రోజున టేపు పట్టుకుని వెళ్లండి. ఫోటో తీసిన చోట కాదు, మీకు నచ్చిన చోట కొలవండి. బండ అన్నచోట ఇనుప గొట్టమో కాంక్రీటో వేశారా అని చూడండి. పని అయ్యాక దారి పటం ప్రతి ఒకటి అడిగి తీసుకుని పంచాయతీ రికార్డులో పెట్టుకోండి. చాంబర్లు ఎక్కడున్నాయి, ఎంత చుట్ట వదిలారు అన్నీ అందులో ఉండాలి. రైతు సోదరులు కూడా, పొలానికి పైపులైను వేయడానికి రోడ్డు దాటించేటప్పుడు ఆ పక్కన సంస్థ పేరుతో పాతిన చిన్న రాయి ఏమైనా ఉందేమో చూడండి. ఉంటే జేసీబీ ఆపి, దాని మీది నంబరుకు ఒక ఫోన్ చేయండి. నంబరు చెరిగిపోయి ఉంటే పంచాయతీ ఆఫీసులో చెప్పండి. ఆ రాయికి అటూ ఇటూ రెండు మీటర్ల మేర మనుషుల చేత తవ్వించుకుంటే సరిపోతుంది.